కారణం గడి

నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉంది. దాని సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. అందులో పదిహేడు, పద్దెనిమిదేళ్ల అమెరికన్ కుర్రాళ్ల పేర్లుంటాయి. ఎత్తెంత, బరువెంత, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తుతాడు, రేటింగులో ఎన్ని స్టార్లవాడు, చివరికి ఏ యూనివర్సిటీ జట్టులో చేరాడు. ఆఖరి కాలమ్ పేరు 'కారణం'. మావాళ్లను కాదని పోయిన ప్రతివాడి పేరు పక్కనా ఆ గడిలో నేను ఒకే మాట కొట్టాను: 'ఆప్షన్ ఆట'. ఉద్యోగరీత్యా నేను డేటా అనలిస్టుని. ఈ షీట్ మా మేనేజరు చూస్తే ఆ ఉద్యోగం ఉండదు.

మావాళ్లంటే జార్జియా టెక్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. 2006లో ఎమ్మెస్ చదవడానికి నరసరావుపేట నుంచి అట్లాంటా వచ్చాను. అప్పటికి నాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. రూమ్మేట్లు లాక్కెళ్తే బాబీ డాడ్ స్టేడియంలో అడుగుపెట్టాను. 21 నంబరు చొక్కాతో కాల్విన్ జాన్సన్ అనే రిసీవర్ ఉండేవాడు. ఇద్దరు మీద పడుతున్నా సరే, గాల్లోకి లేచి, కొమ్మ మీది మామిడికాయ కోసినట్టు బంతిని కోసుకొచ్చేవాడు. మరుసటేడు ప్రొఫెషనల్ జట్లు కుర్రాళ్లను ఎంచుకునే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులో డెట్రాయిట్ జట్టు రెండో పిలుపుకే అతణ్ణి ఎగరేసుకుపోయింది. ఫుట్‌బాల్ అంటే గాల్లో ఆడేదేనని నేను ఆ ఏడే తీర్మానించేసుకున్నాను.

2008లో పాల్ జాన్సన్ కోచ్‌గా వచ్చాడు, వెంట ట్రిపుల్ ఆప్షన్ అనే ఆట తీరు తెచ్చాడు. అందులో క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోగానే వెనకున్న బలిష్ఠుడి పొట్టలో పెడతాడు, లేదా పెట్టినట్టే పెట్టి లాక్కుంటాడు. ఎదుటి జట్టులో ఒకణ్ణి ఎవరూ అడ్డుకోకుండా కావాలనే వదిలేస్తారు. వాడు బలిష్ఠుడి మీదికి ఉరికితే బంతి క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉండిపోతుంది. నాలుగడుగులు పక్కకు పోయాక ఇంకొకణ్ణీ అలాగే వదిలేస్తారు. వాడు క్వార్టర్‌బ్యాక్‌ను పట్టబోతే బంతి పక్కన పరిగెత్తేవాడి చేతుల్లోకి పోతుంది. ఎదుటివాడు ఏం చేసినా తప్పే అయ్యేలా అల్లిన ఆట. అంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. గాల్లోకి విసరడం మాత్రం బహు తక్కువ.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనే ఏథెన్స్‌లో, మా బద్ధశత్రువు జార్జియా యూనివర్సిటీలో చదివిన మా బావమరిది ఆ మంటలో నెయ్యి పోసేవాడు. "బావా, ఐదు స్టార్ల రిసీవర్ మీ దగ్గరికొచ్చి రోజంతా పక్కవాణ్ణి అడ్డుకుంటూ నిలబడాలా?" అనేవాడు. ఒకరోజు నిజమే కదా అనిపించింది. ఆ రాత్రే షీట్ మొదలుపెట్టాను. డెమేరియస్ థామస్ అనే రిసీవర్ అదే ఆప్షన్ ఆటలో ఆడి, 2010 డ్రాఫ్టు మొదటి రౌండులోనే డెన్వర్‌కి వెళ్లాడు. అతని పేరు నా షీట్‌లో లేదు. నేను రానివాళ్లనే రాసుకున్నాను గానీ, ఉన్నవాళ్లను రాసుకోలేదు.

2014లో మా నాన్న ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఆ ఏడాది ఏథెన్స్ వెళ్లి జార్జియాను ఓడించాం. డిసెంబరు 31న, సీజన్ ముగిశాక ఆడే ఆరెంజ్ బౌల్‌లో మిసిసిపి స్టేట్‌ను 49-34తో కొట్టాం. నాన్నకు ఆట రూల్సు తెలియవు, పేకాట తెలుసు. నేను పక్కన కూర్చుని, ఈ ఆట చూసి వచ్చే ఏడు ఒక్క మంచి కుర్రాడూ చేరడని గొణుగుతున్నాను. ఆయన కాసేపు విని, "జోకర్లు పడ్డవాడు ఎట్లా ఆడినా షో కొడతాడురా. చెత్త ముక్కలు పడ్డప్పుడు ఆడాలి ఆట. మీ కోచ్ ఆటగాడు" అన్నారు. పెద్దాయనకు ఏం తెలుసులే అని నవ్వుకున్నాను. గెలిచిన రాత్రి కూడా ఏడుస్తూ కూర్చున్నవాణ్ణి నేను, నవ్వింది ఆయన్ని చూసి.

2017 ఫిబ్రవరి మొదటి బుధవారం, కుర్రాళ్లు తాము చేరే యూనివర్సిటీకి సంతకాలు పెట్టే రోజు. నాకు ఆఫీసు మీటింగ్ ఉంది. దాన్ని మ్యూట్‌లో పెట్టి, ఫోన్లో ఒక కుర్రాణ్ణి చూస్తున్నాను. బల్లమీద మూడు నాలుగు టోపీలు పెట్టుకుని, మా బంగారు రంగు టోపీ మీద చెయ్యి వేసినట్టే వేసి, పక్కది తీసి నెత్తిన పెట్టుకున్నాడు. వాళ్లమ్మ ఏడుస్తూ వాణ్ణి వాటేసుకుంది. ఇక్కడ నేనూ ఏడ్చినంత పని చేశాను. మధ్యాహ్నం అన్నం మానేశాను. మా ఆవిడ షీట్ చూసింది ఆరోజే. మౌస్ కిందికీ పైకీ తిప్పి, "ఈ నలభైమంది బరువులూ తెలుసు కదా, మన అబ్బాయి క్లాస్ టీచర్ పేరు చెప్పు" అంది. నాకు తెలియలేదు.

2018 నవంబరులో పాల్ జాన్సన్ తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. పదకొండేళ్లలో తొమ్మిది బౌల్ ఆటలు, జార్జియా మీద మూడు గెలుపులు, మూడూ వాళ్ల గడ్డ మీదే. నేను ఇండియన్ స్టోర్ నుంచి మైసూర్‌పాక్ తెచ్చి ఆఫీసులో పంచాను. కొత్త కోచ్ వస్తాడు, బంతి గాల్లోకి లేస్తుంది, స్టార్లు రాలుతాయి అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాను.

2019 సెప్టెంబరు 14న తొమ్మిదేళ్ల మావాణ్ణి వెంటబెట్టుకుని స్టేడియానికి వెళ్లాను. ఎదుటి జట్టు ద సిటడెల్, మాకన్నా ఒక మెట్టు కింది విభాగంలో ఆడే మిలిటరీ కాలేజీ. వాళ్ల కుర్రాళ్లు బంతి పొట్టలో పెట్టారు, లాక్కున్నారు, పక్కకు విసిరారు. ఆట ఓవర్‌టైమ్‌కి పోయింది, 27-24తో మేం ఓడిపోయాం. మావాడు నా చొక్కా పట్టుకుని గుంజి, "నాన్నా, ఇది మన పాత ఆటే కదా? వాళ్లకెందుకిచ్చాం?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలుగు రాకపోవడం నా అదృష్టం.

ఆ ఏడు మూడు గెలుపులు. తర్వాతి ఏడు మూడు. ఆ పై ఏడు కూడా మూడే, అందులో జార్జియా చేతిలో 45-0. ఆట మారాక వచ్చిన మంచి కుర్రాడు జమీర్ గిబ్స్ రెండేళ్లు ఆడి, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ దారిన అలబామా వెళ్లాడు. అక్కణ్ణుంచి 2023 డ్రాఫ్టు మొదటి రౌండుకి. ఆ 45-0 ఆట అయిన కొన్ని వారాలకే జార్జియా జాతీయ చాంపియన్ అయింది. బావమరిది ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

షీట్ మాత్రం మానలేదు. రానివాళ్లు ఇంకా రానే లేదు. ఈసారి 'కారణం' గడి దగ్గర వేలు ఆగిపోయింది. ఆప్షన్ లేదు, మరేం రాయను? అప్పటికి గానీ నాన్న మాట ఎక్కలేదు. ఆట వల్ల పిల్లలు రావడం లేదని నేను పదేళ్లు లెక్కలు కట్టాను. పిల్లలు రాని చోటు కాబట్టే పాల్ జాన్సన్ ఆ ఆట ఎంచుకున్నాడేమోనన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. ఇక్కడ చేరితే ఆటగాడైనా క్యాలిక్యులస్ గట్టెక్కాలి. ఆ గడప దాటలేక ఎంతమంది వెనక్కి తిరిగారో రాసుకోవడానికి నా షీట్‌లో కాలమే లేదు. తోక కుక్కను ఊపుతోందని పదేళ్లు వాదించిన అనలిస్టుని నేను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. 2000లో పదో తరగతి ఫలితాలొచ్చిన వారానికి మా ఇంటికి నాలుగు జూనియర్ కాలేజీల పీఆర్వోలు వచ్చారు. ఒకాయన ఫీజు లేదన్నాడు, ఒకాయన హాస్టల్ కూడా ఉచితమన్నాడు, ఒకాయన తమ ఎంసెట్ ర్యాంకర్ల ఫొటోలున్న పాంప్లెట్ నాన్న చేతిలో పెట్టాడు. ఆ ముగ్గురినీ కాదని నేను నాలుగో కాలేజీలో చేరాను. ఆ ముగ్గురూ తమ నోటుపుస్తకాల్లో నా పేరు పక్కన ఏ కారణం రాసుకున్నారో తెలియదు. అసలు కారణం ఇది: అక్కడి హాస్టల్లో ఆదివారం కోడికూర పెడతారని మా పక్కబెంచీవాడు చెప్పాడు.