రెండో ఆట రసికుడు

విజయనగరం మూడు లాంతర్ల కూడలి వద్దనో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వద్దనో, రాత్రి పన్నెండు దాటిన పిమ్మట, దుకాణములన్నియు తలుపులు దించుకొని, కుక్కలు సైతము తమ సరిహద్దు తగవులు చాలించుకొన్న వేళ, సైకిలును త్రొక్కక చేతితో నడిపించుకొనుచు, తుండుగుడ్డ భుజముపై వైచికొని, తనలో తాను ఏమో గొణుగుకొనుచు ఇంటిముఖము పట్టిన ఏబదేండ్ల పురుషుడొకడు మీకెదురైనచో, అతడు త్రాగియున్నాడనియో, దొంగయనియో భ్రమింపవలదు. అతడు రెండో ఆట చూచి వచ్చుచున్నాడు. ఆ గొణుగుడు సమీక్ష. ఇల్లు చేరులోపల అది ఒక తీర్పుగా పరిణమింపవలెను గనుకనే అతడు సైకిలెక్కుట లేదు.

ఈ జాతివాడు వీధికొక్కడు చొప్పున ఉత్తరాంధ్రమంతటను వ్యాపించియున్నాడు. కొందరు కచేరీలలో గుమాస్తాలు, కొందరు పొందూరు వైపు నేతగాండ్రు, కొందరు చోళ్ళు, గోగు పండించు మెట్టరైతులు. కాని నేనెరిగినవారిలో మిక్కిలి స్వచ్ఛమైన నమూనా విజయనగరపు చుట్టుప్రక్కల గల జూట్ మిల్లులలో ఒకదానియందు పనిచేయు కార్మికుడు కావున, అతనినే ఎదుట కూర్చుండబెట్టుకొని ఈ చిత్రమును వ్రాయుచున్నాను. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏ భాషతో జీవితమంతయు పోరాడిరో, ఆ భాషలోనే ఆయన ప్రాంతపువానిని గూర్చి వ్రాయుట కొంత సాహసమే. ఐనను మా రసికుడు నోరు విప్పినప్పుడెల్ల పంతులుగారి పక్షమే గెలుచును గనుక, వారి ఆత్మకు క్షోభ కలుగదని నమ్ముచున్నాను.

ఇతని వంశవృక్షము పురాతనమైనది. 1892లో విజయనగరమున ‘కన్యాశుల్కము’ తొలిసారి రంగమెక్కిన రాత్రి, గురజాడ వారి హాస్యమునకు నవ్వవలెనా కూడదా యని ముందు వరుసల పెద్దలు ఒకరి మొగము లొకరు చూచుకొనుచుండగా, వెనుక నిలుచుండి, తన కూతురి పెండ్లి బాకీ జ్ఞప్తికి వచ్చి ముక్కు చీదినవాడొకడు ఉండియే యుండును. చరిత్రకారులు వ్రాయలేదు గాని ఇతని ముత్తాత అతడే. తాతగారు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జెకట్టి హరికథ చెప్పుచుండగా ముందు కూర్చుండినవారు. ఆ దాసుగారే 1919లో వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులగుటయు, కొంతకాలమునకు ఆ కళాశాలలోనే ఘంటసాల మధూకరమెత్తుకొనుచు పాట నేర్చుటయు లోకవిదితము. ఆ బాలుని జోలెలో పట్టెడన్నము వేసిన అవ్వ విజయనగరమున నేడు ఇంటికొకతె యున్నది. మా వాని ఇంటను ఉన్నది. ఆ అవ్వలందరు నిజముగా వేసియుండినచో ఆ మహాగాయకుడు పాట మాట యటుంచి, అజీర్తితో లేచి నడువలేకపోయెడివాడు.

ఇక తండ్రిగారు. 1955లో ఎన్టీ రామారావు గిరీశముగా, సావిత్రి మధురవాణిగా ‘కన్యాశుల్కము’ చలనచిత్రమై వచ్చినప్పుడు, ఆయన పొరుగూరి చుట్టములను వెంటబెట్టుకొనిపోయి, బొంకులదిబ్బలో గిరీశము నిలుచున్న చోటిదని వ్రేలితో చూపుచుండెడివారట. గిరీశము కల్పితపాత్ర యని చెప్పిన ఒక బడిపంతులుతో ఆయన కడవరకు మాటాడలేదు. మా రసికునికి మాత్రము దీక్ష 1980లో ‘శంకరాభరణము’తో లభించినది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగము చేసిన జె.వి.సోమయాజులుగారు ఆ శంకరశాస్త్రి వేషమున ఆదరణ కోల్పోయి మౌనముగా కూర్చుండగా చూచి, కలెక్టరాఫీసు వారికి సైతము కష్టములుండునని ఆ బాలునకు మొదటిసారి తెలిసినది. ఆనాటినుండి నేటివరకు అతడు తెరను విడువలేదు.

ఇతని విమర్శనాపద్ధతి భరతుని రససూత్రమునకు గాని, చుక్కలు వేసి చిత్రములను తూచు పత్రికలవారి తక్కెడకు గాని లొంగునది కాదు. బొమ్మ మంచిచెడ్డలు తెరమీద జరిగినదానిపై గాక, ఆ నెల మిల్లులో ఎన్ని షిఫ్టులు దొరికినవనుదానిపై ఆధారపడియుండును. నార ధర పెరిగినదనియో, ఆర్డర్లు లేవనియో గేటునకు నోటీసు అంటించిన నాటి రాత్రి చూచినది ఎంతటి మహానటులు నటించినదైనను అందు ‘రెండో సగం ఈడ్సినాడు’. బోనసు చేతబడిన రాత్రి చూచినది, దర్శకుడే సిగ్గుపడి ఊరు విడిచిపోవలసినంతటిదైనను ‘సూపరు’. అతడు కపటి కాడు. తాను సినిమాను గూర్చియే మాటాడుచున్నానని అతని దృఢవిశ్వాసము. ఈ రహస్యమును తొలుత కనిపెట్టినది, పెండ్లియైన నాటినుండి సినిమాహాలు గడప త్రొక్కని అతని ఇల్లాలు.

తలుపు తీయుచునే ఆమె అడుగును: “ఎలగుంది బొమ్మ?”

“ఏటుంటాదే! ముందు సగం బాగానే నడిసింది. ఆ తర్వాత ఈడ్సి ఈడ్సి సంపినాడు.”

ఆమె గంజన్నములో ఉల్లిపాయ వేసి, కంచము ముందుకు జరిపి, చెంబుతో నీళ్ళుంచి, దీపము కొంచెము దగ్గరకు లాగి, “మిల్లు ఎన్నాళ్ళు మూసేస్తారట?” అనును.

“మూస్తారని నీకెవులు సెప్పినారే?”

“నువ్వే సెప్పినావు గదా.”

అతడు ఉల్లిపాయ కొరుకుచు ఆ మాటను చాలసేపు ఆలోచించును; అంతు చిక్కదు. కొన్ని కాపురములు ఇట్టి ఒక్క అంతుచిక్కనితనముపై ముప్పదేండ్లు నిలిచియుండుట నేనెరుగుదును.

భార్యనుండి ఈ విద్య వీధికి ప్రాకినది. అతని మాట నమ్మి సినిమాకు పోయి మోసపోయినవారున్నారు గాని, అతని మాట విని అప్పడుగబోయి మోసపోయినవారు లేరు. పండుగ ముందు ఏ తోడల్లుడో, ఎదురింటివాడో తీరికగా వచ్చి, అరుగుపై చతికిలబడి, “బావా, ఆ కొత్త బొమ్మ ఎలగుందేటి?” అని అడుగును. “పాటలు పరవాలేదు గానీ కథే లేదు” అని వచ్చినచో, అడ్వాన్సు మాత్రమే ముట్టినదని గ్రహించి, వచ్చినవాడు వాన రాకడను గూర్చి నాలుగు మాటలాడి లేచిపోవును. “బొమ్మంటే అదీ! రెండోమాటు సూడాల” అన్నచో, లేచిపోక ఇంకొంచెము దగ్గరకు జరుగును. అట్లు జరిగిన వారి వలన ఇతడు ఎన్ని మార్లు చిక్కులపాలయ్యెనో లెక్కలేదు. ఐనను తన రసజ్ఞతను గౌరవించి ఇందరు అభిప్రాయము అడుగవచ్చుచున్నారని అతనికి లోలోపల గర్వమే.

పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరమును సైతము అతడు ఇదే కంటితో చూచును. విజయదశమి వెళ్ళిన మంగళవారమున, పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము, బెస్తవారి వల ముందు నడువగా, ఆ పొడవైన చింతమాను కొసన పూజారి కూర్చుండి, గుడినుండి కోటకు, కోటనుండి గుడికి ముమ్మారు తిరుగుచుండగా, లక్షలాది జనము అరటిపండ్లు విసరుచు అందు అమ్మవారిని దర్శింతురు. మా వాడును చేతులు మోడ్చును. మోడ్చినను విమర్శకుడు నిద్రపోడు. ఒక యేడు ఇంటికి వచ్చి, “పైకి లేసినప్పుడు బాగుంది గానీ, కిందకొచ్చినప్పుడు మాను అక్కడే ఉండిపోనట్టయిందే” అని విచారపడెను. ఇల్లాలు పసుపుకుంకుమలు పీటపై నుంచి, తలయెత్తకయే, “చిట్టీ పాడుకున్నోడు పారిపోనాడేటి?” అనెను. నిజముగనే పారిపోయియుండెను.

ఇంతమాత్రమున ఇతనిని జమాఖర్చుల పుస్తకముగా తలచుట అన్యాయమగును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటి, ఉద్దానమున తరతరాల కొబ్బరిని, జీడిమామిడిని, పనసను నేలకూల్చినప్పుడు, ఇతని అత్తవారి తోటయు పోయినది. తెల్లవారి బస్సులు నడువగానే పోయి, కూలిన చెట్లను వరుస తప్పక లెక్కించి, నష్టము వ్రాసికొనుటకు వచ్చిన సిబ్బందికి ఒక్కొక్క మ్రోడు చూపి, బావమరది తల బాదుకొనుచుండగా అతని నోట నీళ్ళు పోసి, అత్తగారిని మందులతో సహా వెంటబెట్టుకొని, కంట తడి లేక తిరిగివచ్చెను. రాతిగుండెవాడని అక్కడివారనుకొనిరి. నా మట్టుకు నాకు, మన ఇండ్లలో కీడు మూడినప్పుడు ఇంటి మగవానికి చేయుటకు పనులుండును గాని, ఏడ్చుటకు కేటాయించిన గడియ యొక్కటియు ఉండదనిపించును. చీకటి, ఒంటరితనము, అడుగువారు లేకుండుట, ఈ మూడును ఒక్కచోట అమరవలెనన్నచో అతనికి టిక్కెట్టు కొనుట తప్ప గతి లేదు.

మరుసటి సంక్రాంతికి ఏదో హాస్యచిత్రము వచ్చినది. అందొక హాస్యనటుడు పొరుగువాని కాయలు దొంగిలింప చెట్టెక్కి, చెట్టుతో సహా చెరువులో పడుట, హాలంతయు ఈలలు, చప్పట్లు. మా వాడు తుండుగుడ్డ నోట కుక్కుకొని వెక్కివెక్కి ఏడ్చుచుండెను. ప్రక్కసీటు కుర్రవాడు మురీ మిక్చరు నములుట మాని, బెదరి, “మావా, కామెడీ గదా, ఏడుస్తన్నావేటి?” అనెను.

“సెట్టు సూడరా,” అనెను మా వాడు, “కాపు మీదున్న సెట్టురా అది!”

కుర్రవాడు తెరవంక చూచి, అతనివంక చూచి, తన పొట్లము అతని చేతిలో పెట్టెనట. ఆ చిత్రమును గూర్చి అతడు ఇంటికి పోయి ఏ తీర్పును చెప్పలేదు, ఆమెయు అడుగలేదు.

2020 మార్చి 6న ‘పలాస 1978’ విడుదలైన దినములు అతనికి వైభవకాలము. మన తెలుగు సినిమావారు చిరకాలముగా శ్రీకాకుళపు యాసను వంటవానికో, దొంగకో, కథానాయకుని చేత దెబ్బలు తినువానికో కేటాయించియుంచిరి. ప్రేమించువాడు, పగదీర్చుకొనువాడు కృష్ణాతీరపు మాటనే పలుకవలసినదే గాని, నాగావళి ఒడ్డున పుట్టినవానికి ఆ యోగ్యత లేదు. అట్టిది తెరనిండ తన యాసయే పలుకుచుండగా విని, అతడు ఊరంతయు తిరిగి చాటుచుండెను. పక్షమైనను గడువకముందే కరోనా మహమ్మారి వచ్చి హాళ్ళకు తాళములు పడినవి, మిల్లునకును పడినవి. అంతటితో అతని నోరు పడిపోయినది. టీవీలో పాత బొమ్మలు వచ్చుచుండెను గాని, వానికి తీర్పు ఎన్నడో అయిపోయినది. ఇంట బియ్యము నిండుకొన్నను ‘మాయాబజారు’ను నిందించువాడు తెలుగునాట పుట్టలేదు గదా. కష్టము చెప్పుకొనుటకు క్రొత్త సినిమా లేక అతడు, వినుటకు తీర్పు లేక ఆమె, ఆ వేసవియంతయు ఒకరినొకరు చూచుచు కూర్చుండిరి. కాపురమునకు వచ్చిన పిమ్మట బియ్యపు డబ్బా మూత తీసి చూచి సంగతి తెలిసికొనవలసి వచ్చుట తనకదే మొదటిసారి యని ఆమె నేటికిని చెప్పును.

2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ వచ్చినది. ఊళ్ళో చాలినన్ని జెట్టీలు లేక, గుజరాతులోని వెరావలు వరకు పోయి పరుల పడవలపై వేటాడుచు, 2018లో పాకిస్తాను వారికి చిక్కి, ఏడాదికి పైగా చెరలో మ్రగ్గి తిరిగివచ్చిన శ్రీకాకుళపు మత్స్యకారుల ఉదంతమే దానికి మూలము. ఆ తీరపు ఆడువారు తమ కన్నీటిని తెరపై సాయిపల్లవి కార్చుచుండగా చూచి ఏమనుకొనిరో గాని, మా వాడు మాత్రము, “పాటలు బాగున్నాయి, సముద్రం బాగుంది, ఆ గుంట బాగా ఏడ్సింది, అన్నీ బాగున్నాయి” అని ఒక్క తప్పును పట్టక చెప్పెను. కొడుకు హైదరాబాదులో కుదురుకొని నెలనెల పంపుచున్నాడు గనుక, తీర్పులో చేదు తగ్గుట సహజమే. పుట్టినిల్లు సముద్రపు చేరువనే గనుక ఇల్లాలికిని ఆ బొమ్మ చూడవలెనను కోరిక పుట్టెను. పండుగకు వచ్చిన కొడుకు తన ఫోనులో ఓటీటీ పెట్టి, చెంబునకు ఆనించి, వంటయింటి గట్టుమీద నిలిపెను. చింతపండు పిసుకుచు మొదలుపెట్టి, పులుసు కాగి దించువరకు, పిమ్మట దించిన పులుసు చల్లారువరకు ఆమె చూచెను.

“ఎలగుందే బొమ్మ?” అని అతడు గుమ్మములో నిలుచుండి అడిగెను. ముప్పదేండ్లలో ఆ ప్రశ్న అతని నోట వచ్చుట అదే ప్రథమము.

“శానా బాగుంది,” అనెను ఆమె. “రెండో సగం మరీ బాగుంది.”

అతడు అదరిపడి, ఆమె ముఖము వంక తేరిపార చూచి, ఏమియు అనక వెలుపలికి పోయెను. ఆనాటి మధ్యాహ్నము ఆమె సంఘం మీటింగునకు పోయిన వేళ, పోపుల డబ్బా దించి, ఆవాలు ఒక పళ్ళెములో, మెంతులు ఒక పళ్ళెములో పోసి, మినపప్పు అడుగున వ్రేళ్ళు పెట్టి దేవి, పసుపు డబ్బా సైతము తలక్రిందులు చేసి వెదకెను. అందేమియు లేదు. సొమ్మంతయు డ్వాక్రా పాసుపుస్తకములో నుండెను. ఆ పుస్తకము ఆమె సంచిలో, ఆమెతో మీటింగులో నుండెను.