మూడు వేళ్లు

మా రోజుల్లో దౌడ విరిగిందంటే పైపళ్లకూ కిందిపళ్లకూ కలిపి తీగ చుట్టి బిగించేవాళ్లు. నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. నేను ఎద్దులబండి మీంచి పడితే కంభంలో మీటరుగేజి రైలెక్కించి గుంటూరు తీసుకుపోయారు. తిరిగి బేస్తవారిపేట వచ్చాక మా అమ్మ రాగిజావ వడగట్టి, దంతాల వెనక సందులోంచి గొట్టంతో పోసేది. తీగ విప్పిననాడు నోట్లో వేలు కూడా దూరలేదు. రోజూ నోరు తెరిపించింది మా అమ్మే, నేను ఏడ్చినా వదల్లేదు.

మొన్న మా చెల్లెలి మనవడు బైకు మీంచి పడ్డాడు. చెవి ముందుండే దౌడ కీలు, దాని మెడ దగ్గర విరిగింది. ఆ చోటికి చేరాలంటే ఒకప్పుడు ఎక్కువగా బయటి చర్మమే కోసేవాళ్లు. ముఖాన్ని కదిలించే నరం కొమ్మలు అక్కడే ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే మూతి వంకరపోతుంది, కన్ను మూతపడదు. వీడికి హైదరాబాదులో నోటి లోపలే కోసి, పెన్సిలు కన్నా సన్నటి ఎండోస్కోపు పెట్టారు. దాని కొస ఏటవాలుగా చూస్తుంది కాబట్టి మలుపు అవతలి ఎముక కూడా తెరమీద కనబడుతుంది. టైటానియం రేకు పెట్టి, చెంపమీద చిన్న గాటులోంచి మరలు బిగించారు. అన్ని విరుగుళ్లకూ ఇది కుదరదు. కుదిరినవాడు అదృష్టవంతుడు.

మరి ఆ అదృష్టవంతుడు ఏం చేస్తున్నాడు? పెద్ద మచ్చ లేదు కాబట్టి జబ్బే లేదనుకుంటున్నాడు. డాక్టరు చెప్పిన నోటి కసరత్తు వదిలేసి ఫోను పట్టుకు కూర్చున్నాడు. ఒరే, కోత చిన్నదైతే కీలు బిగుసుకోకుండా ఊరుకుంటుందా?

పిల్లల సంగతి తలుచుకుంటే ఇంకా కడుపు మండుతుంది. పిల్లాడు గడ్డం నేలకు కొట్టుకునేలా పడతాడు. అప్పుడు పసుపద్దేవాళ్లం, ఇప్పుడు కుట్టు వేయిస్తున్నారు. చెవి ముందు వేలు పెట్టి చూసేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ తక్కువే. గడ్డానికి తగిలిన దెబ్బ కీలు దాకా పోతుంది. లోపల గూడుకట్టిన నెత్తురు మెల్లగా ఎముకై అతుక్కుపోవచ్చు. అప్పుడు నోరు తెరుచుకోదు, దౌడ పెరగదు, గడ్డం వెనక్కి పోతుంది. మా వీధిలో ఒక పిల్ల అలాగే మెత్తటి అన్నం పళ్ల సందులోకి నెట్టుకుంటూ పెరిగింది. పుట్టుకతో వచ్చిందనుకున్నాం.

నిన్న పక్కింటి బుడ్డోడు అరుగుమీంచి పడ్డాడు. నోరు తెరిపించి, వాడి వేళ్లే మూడు ఒకదానిమీదొకటి నిలువుగా పెట్టించాను. మూడూ పట్టాయి. చెవి దగ్గర నొప్పి లేదన్నాడు. అయినా రెండు వారాలాగి మళ్లీ తీసుకురమ్మని వాళ్లమ్మకు చెప్పాను.