క్లీనర్ సైడు అద్దం

లోకల్ ఫండ్ ఆడిట్‌లో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. పంచాయతీ బావిలో పూడిక తీసిన ఖర్చుకి కూడా వోచరు అడిగినవాణ్ణి. అలాంటి నా ఇంట్లో, నా కారుకి, నా డబ్బుతో కొన్న ఒక ఇనపముక్కకి నేటికీ వోచరు లేదు. ఎవరికి విన్నవించుకోవాలో తెలియక నలుగురి ముందూ పెడుతున్నాను. తప్పు నాదని తేలితే నా పేరు మీదే అభ్యంతరం రాసుకోండి.

కారు మారుతి 800. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ ఢిల్లీలో మొదటి బండి తాళాలు చేతికిచ్చిన ఫొటో పేపర్లో చూసిననాడే కొనాలనుకున్నాను. అనుకున్నంత తొందరగానే, అంటే పాతికేళ్లకి, 2008లో కొన్నాను. నేను కొన్న రెండేళ్లకి హైదరాబాదులో దాన్ని అమ్మడం ఆపేశారు. 2014 జనవరిలో తయారు చెయ్యడమే ఆపేశారు. ఇందులో నా ప్రమేయం ఏమీ లేకపోయినా, "మీరు కొన్నారు, వాళ్లు మూసేశారు" అంటుంది మా ఆవిడ. 2023లో బండికి పదిహేనేళ్లు నిండితే ఐదు వేలు ఫీజు కట్టి రిజిస్ట్రేషను తిరగరాయించాను. 2022 ఏప్రిల్‌కి ముందైతే అది ఆరు వందలతో పోయేది. బండి కూడా నాలాగే సమయం చూసుకోకుండా ముసలిదైంది.

నిరుడు కార్తీక మాసంలో వనసమారాధనకి పోయి వస్తుంటే వాన పట్టుకుంది. అద్దం ఎత్తుదామని మా ఆవిడ తన పక్క తలుపు పిడి తిప్పింది. లోపల కటకటమని ఏదో చప్పుడైంది, పైకి రావాల్సిన అద్దం తలుపు కడుపులోకి జారిపోయింది. కంకిపాడు దగ్గర్నుంచి సత్యనారాయణపురం దాకా ఆవిడ కారులో గొడుగు వేసుకు కూర్చుంది. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర పక్క ఆటోలోంచి ఒక కుర్రాడు ఫొటో కూడా తీశాడు. ఆ ఫొటో ఎక్కడెక్కడ తిరుగుతోందో ఆ వెంకటేశ్వరస్వామికే తెలియాలి.

మర్నాడు ఆటోనగర్ వెళ్లాను. బెజవాడలో ఉండే మనిషికి ఇంత ఇనపముక్క కోసం వేరే చోటు తోస్తుందా? గేటు దాటితే చాలు, బేరింగులు, కమాన్ కట్టలు, రేడియేటర్లు, మనిషెత్తు టైర్లు, వాటి మధ్యలో టీ కొట్లు. అయితే ఆటోనగర్ లారీల కోసం పుట్టింది. కార్లు తరవాత వచ్చి చేరిన చుట్టాలు. అందుకని అక్కడి మాటలన్నీ లారీ మాటలే. "విండో మెషిన్ కావాలి" అన్నాను, దారిలో రెండు కొట్ల దగ్గర ఆ పేరు నేర్చుకుని.

కొట్టాయన తలెత్తకుండానే అడిగాడు. "డ్రైవర్ సైడాండి, క్లీనర్ సైడాండి?"

నా కారుకి క్లీనర్ సైడు అనేది ఒకటుందని నాకప్పుడే తెలిసింది. ఆ సైడున పదిహేడేళ్లుగా మా ఆవిడ కూర్చుంటోంది. నీళ్లు నమిలి "క్లీనర్ సైడే" అన్నాను. ఇంటికొచ్చి ఈ ముక్క చెబితే కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పేరు సరిగ్గానే పెట్టారు. దుమ్ము తుడిచేది నేనే. మీరు వెనక్కి తీస్తుంటే కిందకి దిగి రానీ రానీ అని అరిచేదీ నేనే. జీతమొక్కటే తక్కువ" అంది.

కొట్టాయన ప్రశ్నలు అంతటితో ఆగలేదు. టైప్ వన్నా, టైప్ టూనా? కార్బొరేటరు బండా, ఎంపీఎఫ్ఐనా? ఏ సంవత్సరం, ఏ నెల? ఇవన్నీ అడిగాక అసలు ప్రశ్న వేశాడు: "సాంపిలేదండి?" పాత ముక్క విప్పి తెస్తేగాని కొత్త ముక్క ఇవ్వడట. విప్పితే అద్దం నిలబడదు, అద్దం నిలబడకపోతే బండి ఇక్కడిదాకా తేలేను, తేకపోతే విప్పేవాడు లేడు. ఈ వాదన ఆయన ముందు పెట్టాను. "నిజమేనండి" అని ఒప్పుకుని పక్కనున్న లారీ వాడికి బోల్టులు లెక్కపెట్టసాగాడు.

ధర చెప్పడానికి మాత్రం సాంపిలు అడగలేదు. "కంపెనీది రాటల్లేదండి. ఓయీ అయితే ఏడొందలు. ఢిల్లీ మాల్ నాలుగొందల యాభై. విప్పిన పాతది కావాలంటే రెండొందలకి చూసిపెడతాను." పెట్టె మీద ఎమ్మార్పీ తొమ్మిదొందల తొంభై తొమ్మిదని ఉంది. అదేమిటంటే, "అది వాళ్ల ముచ్చటండి, మనకెందుకు" అన్నాడు. బిల్లు ఇస్తావా అన్నాను. కొట్లో ఒక్క క్షణం అందరూ నా వైపు చూశారు. బోల్టుల లారీ వాడు కూడా. "రాసిస్తానండి, పైన పద్దెనిమిది శాతం పడుద్ది. ఇరవై ఎనిమిది ఉన్న రోజుల్లోనే ఎవరూ అడగలేదు మరి" అన్నాడు, తగ్గిన పన్నుని నేను అవమానిస్తున్నట్టుగా. నాకు పౌరుషం వచ్చి ఇంటికొచ్చేశాను.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో నవ్వాడు. "కొట్ల చుట్టూ ఎందుకు నాన్నా, ఇక్కణ్ణుంచి ఆర్డరు పెట్టేస్తా" అన్నాడు. పెట్టాడు. మూడొందల ఎనభై తొమ్మిది. ఇంటికి తెచ్చివ్వడం ఉచితం. సాంపిలు అడగలేదు. టైప్ ఏమిటని అడగలేదు. ఎడమా కుడా అని మాత్రం అడిగితే మావాడు ఎడమ అని నొక్కాడు. ఆ సరుకు కొన్నవాళ్ల అభిప్రాయాలు కూడా చదివి వినిపించాడు. ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చి, ఇంకా బిగించలేదుగాని ప్యాకింగ్ చాలా బాగుందని రాశాడట. ఇలాంటి ధ్రువపత్రాలు నా సర్వీసులో కొన్ని వందలు చూశాను. చెరువు ఇంకా తవ్వలేదుగాని గట్టు పటిష్ఠంగా ఉన్నదని ఉండేది వాటిల్లో.

దూరాన్నుంచి సామాను తెప్పించుకోవడం నాకేమీ వింత కాదు. నా చిన్నతనంలో గుడివాడలో మా నాన్నగారు విజయ్ సూపర్ స్కూటరుకి ఢిల్లీ కశ్మీరీ గేటు నుంచి ఏదో విడిభాగం వీపీపీలో తెప్పించారు. వీపీపీ అంటే ముందు పోస్ట్‌మ్యాన్‌కి డబ్బు కట్టాలి, తరవాతే మూట విప్పాలి. నాన్నగారు డబ్బు కట్టి విప్పితే ఇంకేదో బండి సామాను బయటపడింది. పోస్ట్‌మ్యాన్ వెళ్లిపోలేదు. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగుతూ, మాతో పాటు తనూ కాసేపు బాధపడ్డాడు. "పోన్లెండి పంతులుగారూ, మొన్న పక్క వీధిలో వాళ్లకి రేడియో అని ఇటికరాయి వచ్చింది. మీకు ఇనుమన్నా వచ్చింది" అన్నాడు. నాన్నగారు ఆయన్నే అరగంట తిట్టారు. ఆయన తలూపుతూ విన్నాడు. నష్టం నష్టమేగాని, ఆ పూట నాన్నగారు సుఖంగా అన్నం తిన్నారు.

ఇప్పటి కుర్రాడు గుమ్మంలో పెట్టె పెట్టి, దానికి ఫొటో తీసుకుని, నేను చెప్పులు వేసుకు వచ్చేలోపు వీధి మలుపు దాటాడు.

పెట్టెతో పాటు వచ్చిన బిల్లు చూసి మాత్రం నా కళ్లు చెమర్చాయి. అంత అందమైన బిల్లు నేను సర్వీసులో చూడలేదు. అమ్మినవాడి జీఎస్టీ నంబరు, కొన్నవాడి చిరునామా పిన్‌కోడుతో సహా, 8708తో మొదలయ్యే హెచ్చెస్సెన్ అంకె, ఐజీఎస్టీ పద్దెనిమిది శాతం పైసలతో సహా విడదీసి, కింద అక్షరాల్లో మొత్తం. వెతికినా అభ్యంతరం దొరకలేదు. పాత అలవాటు కొద్దీ ఆకుపచ్చ సిరా కలం తీసి పెట్టె మూత మీద టిక్కు పెట్టి, "సరిచూడడమైనది" అని రాసి, తేదీ వేసి పొడి సంతకం చేశాను. చేసేశాను. ఇక ముందు జరిగినదానికంతటికీ ఆ సంతకమే సాక్ష్యం.

బిగించాల్సిన మా మెకానిక్ అప్పటికి అయ్యప్ప మాలలో ఉన్నాడు. మాలలో ఉన్నవాణ్ణి స్వామీ అనాలి. స్వామీ అంటూ ఎవర్నీ తొందరపెట్టలేం, తిట్టడం అసలే కుదరదు. సరిగ్గా పెట్టె వచ్చిన రోజునే ఇరుముడి కట్టుకుని శబరిమల బయల్దేరాడు. తొమ్మిదో నాటికి తిరిగొచ్చి, వచ్చిన పూటే మా ఇంటికి రావడం అతని మంచితనం.

తలుపు విప్పడం చూడముచ్చటగా ఉంటుంది. అద్దం తిప్పే పిడి వెనక సన్నటి తీగ క్లిప్పు ఒకటి దాక్కుని ఉంటుంది. స్క్రూడ్రైవరు పెడితే రాదు. మెకానిక్ ఒక గుడ్డపేలిక పిడి వెనక్కి దోపి, రెండు కొసలూ పట్టుకుని, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగాడు. టింగుమని క్లిప్పు ఎగిరింది. పిడి చేతిలోకి వచ్చింది. ఆ తరవాత అరగంట సేపు నేను, మా ఆవిడ, స్వామి, పక్కింటి పిల్లాడు నలుగురం తులసికోట చుట్టూ ఆ క్లిప్పు వెతికాం. ఈలోగా డోర్ ప్యాడ్ ఊడింది, దానితో పాటు నాలుగు ప్లాస్టిక్ బుడిపెలు విరిగాయి. తలుపు లోపల నుంచి పాత మెషిన్ బయటికి తీస్తే దాని పళ్లు నా పళ్ల కంటే అధ్వాన్నంగా అరిగిపోయి ఉన్నాయి. ఒక చేతిలో అది, ఒక చేతిలో కొత్తది పట్టుకుని స్వామి రెంటినీ దగ్గరకి చేర్చాడు. రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టినట్టు అచ్చం ఒకలాగే ఉన్నాయి.

"స్వామీ, ఇది డ్రైవర్ సైడు స్వామీ" అన్నాడు.

పెట్టె మీద ఎడమ అనే ఉంది. బిల్లులో ఎడమ అనే ఉంది. లోపలున్నది కుడిది. వెనక్కి పంపే గడువు ఏడు రోజులు. అది తొమ్మిదో రోజు. అయినా మావాడు ప్రయత్నించాడు. ఎందుకు వెనక్కిస్తున్నారో మూడు కారణాల్లో ఒకటి ఎంచుకోమందిట: సైజు సరిపోలేదు, రంగు నచ్చలేదు, మనసు మారింది. నా మనసు మారలేదయ్యా, మారింది తలుపు అని రాయడానికి చోటు లేదు. అక్కడ మాట్లాడేది మనిషి కాదని కూడా అప్పుడే తెలిసింది. మనిషిలా క్షమాపణలు చెబుతుందిగాని తిడితే మొహం చిన్నబోదు. 2020లో వచ్చిన వినియోగదారుల ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు నలభై ఎనిమిది గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. అందినట్టు ఆరు గంటల్లోనే చెప్పారు. ఇరవై తొమ్మిదో రోజున పరిష్కరించారు. గడువు దాటినందువల్ల వీలు కాదన్నదే ఆ పరిష్కారం. మా సేవ ఎలా ఉందో నక్షత్రాలివ్వమని కింద అడిగారు. నిబంధన ఎక్కడా మీరలేదు. నేను అధికారిగా ఉన్నా ఆ ఫైలు మూసేసేవాణ్ణి.

కానీ ఫిర్యాదు తేలేదాకా ఆవిణ్ణి గొడుగుతో తిప్పలేను కదా. అందుకని స్వామి వచ్చిన మర్నాడే పాత మెషిన్‌ని న్యూస్‌పేపర్లో చుట్టుకుని, సాంపిల్‌తో సహా ఆటోనగర్ చేరాను. కొట్టాయన సాంపిల్ చూసిన క్షణం నుంచి నన్ను మనిషిగా గుర్తించాడు. కుర్చీ వేయించాడు, టీ చెప్పాడు. పైన అరల్లో ఎక్కడో నిచ్చెనేసి క్లీనర్ సైడు తీసి, పాతదాని పక్కన పెట్టి, బెజ్జానికి బెజ్జం సరిచూసి ఇచ్చాడు. నాలుగొందల యాభైకి నాలుగొందల ముప్పై తీసుకున్నాడు. లెక్క సిగరెట్ పెట్టె అట్ట మీద వేశాడు. ఆ అట్టని నేను జాగ్రత్తగా జేబులో పెట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు, రెండో వైపు ఇంకెవరి లెక్కో ఉందట.

ముప్పై మూడేళ్ల ఆడిట్‌లో నాకు పట్టుబడిన సంగతి బజార్లో మళ్లీ ఎదురైంది. కాగితం నిఖార్సుగా ఉన్నచోట సరుకు ఎడమకి కుడి. సరుకు బెజ్జానికి బెజ్జం సరిపోయినచోట కాగితం సిగరెట్ అట్ట.

ఇంట్లో పడున్న డ్రైవర్ సైడు సంగతి కొట్టాయనకి చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి ఒక మనిషంటూ దొరికాడు మరి. పావుగంట సేపు ఆన్‌లైన్‌ని ఇద్దరం కలిసి తిట్టాం. ప్రాణం తేలికపడింది. "ఆ పీసు ఇట్టా తెచ్చి పడెయ్యండి మేస్టారూ, ఎవరికో ఒకరికి పడుద్ది" అన్నాడు. మేస్టారుని కానని చెప్పాలనిపించలేదు. ఫిర్యాదు మూతపడ్డాక సంక్రాంతి ముందు వెళ్లి ఇచ్చొచ్చాను. నూట యాభై చేతిలో పెట్టాడు. రసీదు అడగలేదు, ఇవ్వలేదు.

చైత్రంలో ఒకనాడు నా పక్క అద్దం తిప్పాను. కటకట. జారిపోయింది.

మళ్లీ ఆటోనగర్. ఈసారి సాంపిల్ ముందే విప్పించి తీసుకెళ్లాను. "డ్రైవర్ సైడు" అన్నాను, ఇంటిపేరు చెప్పినంత ధీమాగా. కొట్టాయన నిచ్చెన ఎక్కలేదు. గల్లాపెట్టె కిందనుంచే ఒక పెట్టె తీసి దుమ్ము ఊదాడు. "నాలుగొందల యాభయ్యండి. ఢిల్లీ మాలే, కానీ రకం పీసు. చూడండి, పైన చెక్ చేసి ఆఫీసరు సంతకం కూడా పెట్టాడు."

మూత మీద ఆకుపచ్చ సిరా. టిక్కు. సరిచూడడమైనది. తేదీ. పొడి సంతకం. తిప్పి తిప్పి చూశాను. దస్తూరీలో ఎక్కడా లోపం లేదు.

బేరమాడితే నాలుగొందల ముప్పైకి వచ్చాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

"బిల్లు రాయమంటారా మేస్టారూ?" అన్నాడు.

అక్కర్లేదన్నాను.