అక్కల కుట్టు, మన లేబులు

ఫెయిర్ ట్రేడ్ బట్టల వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం చాలా అనువైన ఊళ్లు. మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. బెంగళూరులో పొద్దున్నే బయల్దేరితే కావలసినన్ని ఫోటోలు తీసుకుని రాత్రి భోజనానికి ఇంటికి చేరొచ్చు. ఇక్కడ వానను నమ్మడానికి లేదు, శనక్కాయ చేతికొస్తుందో లేదో పీకేదాకా తెలియదు. కాబట్టి ఏ పనిచ్చినా కాదనని ఆడవాళ్లు ఊరూరా దొరుకుతారు. మీ ప్రాజెక్టు రిపోర్టులో కరవును ఆస్తుల కింద చూపించండి.

మొట్టమొదట అందరికీ చెప్పాల్సిన మాట, వాళ్లు చేసేది అసలు పనే కాదని. వంటావార్పూ అయ్యాక ఊసుపోక కుట్టుకుంటున్నారంతే. నరసాపురం లేసు వ్యాపారం ఈ కిటుకు ఎప్పుడో కనిపెట్టింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడి లేసు అల్లేవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. వాళ్లను కార్మికుల కింద కాక, ఇంటిపట్టున ఊరికే ఉండే గృహిణుల కింద జమకట్టడం వల్లే ఆ లేసు విదేశాలకు అంత చౌకగా వెళ్లిందని తేల్చింది. ఆవిడ విమర్శగా రాసింది, మీరు గైడుగా చదువుకోండి.

ఇక రేటు. దీని మీద కాస్త శ్రద్ధ పెట్టాలి, లాభమంతా ఇక్కడే ఉంది. మగ్గం వర్కు బ్లౌజునే తీసుకోండి. ముందు ట్రేసింగ్ పేపరు మీద డిజైను గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడవాలి. కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడరును గుడ్డతో అద్దితే చుక్కలు బ్లౌజు ముక్క మీదకు దిగుతాయి. ఆ ముక్కను చెక్క ఫ్రేముకు డోలు చర్మంలా బిగించి కట్టాలి. పూసలు రంగులవారీగా ఏరి పెట్టుకోవాలి. అప్పుడు గాని ఆరీ సూది కదలదు. కుడిచెయ్యి పైనుంచి సూది దించితే, ఎడమచెయ్యి అడుగున ఉండి, కంటికి కనపడకుండానే దారం అందిస్తుంది. సూది కొక్కెం ఆ దారాన్ని పైకి లాగి గొలుసుకుట్టులో ఒక్క కన్ను వేస్తుంది. వీపంతా ఇలా ఒక్కో కన్నుగా నిండాలి. మెడ దగ్గర నెమలి వంకర పోయిందా, విప్పడానికి కుట్టినదానికంటే ఎక్కువ ఓపిక కావాలి.

అందుకని మీరు పీసు రేటు కట్టండి. అందులో చిల్లులు పొడిచిన పూట ఉండదు, పూసలు ఏరిన పూట ఉండదు, విప్పిన పూట ఉండదు. చాలీచాలని వెలుతురులో పట్టే కళ్ల మంట అసలే ఉండదు. నాలుగు రోజులు పట్టే బ్లౌజుకు 600 ఇచ్చారనుకోండి, రోజుకు 150 పడుతుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. ఈ రెండు అంకెలూ ఎన్నడూ ఒకే కాగితం మీద పడనివ్వకండి.

విదేశాల్లో కొనేవాడు నిజంగానే మంచివాడైతే కొంచెం ఇబ్బంది. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ పెట్టుకున్న పది సూత్రాల ప్రకారం, చేతిపనుల సరుకుకు అడిగితే కనీసం 50 శాతం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ఇస్తాడు. పుచ్చుకోండి. దాంతో వెబ్‌సైటు చేయించండి, బెంగళూరు ఎగ్జిబిషన్లో స్టాలు తీసుకోండి, కెమెరాకు మంచి లెన్సు కొనండి. కుట్టిన అక్క "అన్నా, దుడ్లు యెప్పుడిస్తావు?" అంటే "సరుకు చేరాలక్కా" అనండి. చేరాక "రిటర్నులు తేలాలక్కా" అనండి. ఈలోగా దారం రీళ్లు తెచ్చిన అంగట్లో ఆమెకు బాకీ పెరుగుతుంది. అది ఆమె సొంత విషయం.

లెక్కలు మాత్రం ఎవరికీ చూపించకండి. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ పెనుకొండలో విజయనగర రాజుల కోశాధికారి. ఖజానా సొమ్ము గుడికి ఎత్తావేమని రాజు నిలదీసేసరికి, తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని కథ. ఆ మరకలివే అని గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. మన వ్యాపారంలో ఆ పద్ధతి బాగుపడింది, సొమ్ము వాడుకునేది ఒకరు, కళ్లు పోగొట్టుకునేది ఇంకొకరు.

పొదుపు సంఘం లీడరును దూరం పెట్టమనేది కూడా ఇందుకే. బ్యాంకు లింకేజీ రుణం కిస్తీలు ఏళ్లతరబడి రాసిన మనిషి, వడ్డీ నోటిలెక్కన చెప్పేస్తుంది. చెన్నేకొత్తపల్లి వైపు అసలు తీసుకెళ్లకండి. అక్కడ 1990 నుంచి టింబక్టు కలెక్టివ్ ఉంది. మహాశక్తి పేరుతో ఆడవాళ్లే నడుపుకునే పొదుపు సహకార సంఘాలున్నాయి, ధరణి సహకార సంఘంలో పంట పండించేవాళ్లే సభ్యులు. మీ అక్కలు ఒక్క పూట అక్కడ కూర్చుని వచ్చారంటే, కూలి సంగతి వదిలేసి వాటా సంగతి ఎత్తుతారు.

లేబులు మీద ధర్మవరం పేరు వాడొచ్చా అని చాలామంది జంకుతారు. ధర్మవరం చేనేత పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు ఉన్నమాట నిజమే. సూరత్ శాటిన్ మీద "ధర్మవరం స్ఫూర్తితో" అని వేయండి, స్ఫూర్తికి రిజిస్ట్రేషన్ లేదు. సుగాలి తండాల అద్దాల కుట్టుకూ ఇదే ఉపాయం. సండూరు లంబాణీ కుట్టుకు గుర్తింపు ఉంది కదా అని ఎవరైనా అంటే, అది కర్ణాటక అనండి.

ఒక్క చిక్కు మిగులుతుంది. ఆ అక్కకు డిగ్రీ చదివే కూతురుంటుంది, కూతురి చేతిలో ఫోనుంటుంది. మీ వెబ్‌సైటులో అమ్మ కుట్టిన నెమలే, అదే బ్లౌజు, 6,500 అని కనిపిస్తుంది. అడిగితే జీఎస్టీ అనండి. చాలామంది ఆ మాట దగ్గర ఆగిపోతారు. ఆ పిల్ల బీకాం అయితే మాత్రం రేటు పెంచక తప్పదు. లేకపోతే పొద్దున ఆరింటికి రచ్చకట్ట దగ్గర ఆగే గార్మెంట్ ఫ్యాక్టరీ వ్యానులో వాళ్లమ్మ ఎక్కేస్తుంది. అక్కడ పీఎఫ్ కూడా కడతారట.