ఎవరి కొవ్వు కరగాలి?

డాక్టరు గారు తలెత్తలేదు.

రిపోర్టు చూశారు. అందులో కొలెస్ట్రాల్ 212 చూశారు. పక్కన లావుపాటి అక్షరాల్లో అచ్చేసిన 'హై' చూశారు. మనిషిని మాత్రం చూడలేదు. పెన్ను అప్పటికే పరుగెడుతోంది.

ఎదురుగా కూర్చున్నది మా పిన్ని కూతురు. 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసువాళ్లు ఉచితంగా చేయించిన మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టు పట్టుకుని వచ్చింది. రెండు గంటల పడిగాపులు, రెండు నిమిషాల దర్శనం. ప్రసాదంగా ఒక చీటీ.

సిగరెట్ తాగుతావా అమ్మా? అడగలేదు. మీ నాన్నకు చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా? అడగలేదు. బీపీ? చూడలేదు. థైరాయిడ్ మందగించినా కొలెస్ట్రాల్ పెరుగుతుందన్నది ఎంబీబీఎస్ కుర్రాడిని నిద్రలో లేపి అడిగినా చెప్పే పాఠం. థైరాయిడ్ పరీక్ష రాయలేదు. పిల్లల్ని కనే ఆలోచనేమైనా ఉందా? అసలే అడగలేదు. కడుపుతో ఉన్నవాళ్లకు మామూలుగా ఆపేసే మందు ఆయన రాస్తున్నది!

చీటీలో ఏముంది? కొవ్వు తగ్గించే మాత్ర, ఆస్పిరిన్ కలిపిన క్యాప్సూల్. రాత్రి అన్నం తిన్నాక ఒకటి. ఎన్నాళ్లు? "వాడుతూ ఉండండి."

గుండెజబ్బు లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ ఇస్తే ఏమవుతుందో 2018లో మూడు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మొత్తం 47 వేల మందికి పైగా. లాభం అంతంతమాత్రం, రక్తస్రావం ముప్పు మాత్రం ఖాయం. ఆ వార్త మన క్లినిక్‌ల గుమ్మం ఇంకా తొక్కలేదు కాబోలు. ఆస్పిరిన్‌తో కడుపులో మంట. మంటకు పరగడుపున గ్యాస్ బిళ్ల. ఒక్క అంకెకు మూడు మందులు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమంటే ఇదే!

పోనీ మార్గదర్శకాలు లేవా? ఉన్నాయి. గుండె వైద్యుల సంఘం 2024లో మన దేశానికంటూ విడిగా ఇచ్చింది. అందరికీ ఒకే గీత గీయొద్దంది. ముప్పు తక్కువున్నవాళ్లకు చెడ్డ కొలెస్ట్రాల్ 100 లోపు, మరీ ఎక్కువున్నవాళ్లకు 55 లోపు ఉండాలంది. అంటే ముందు మనిషి ముప్పు లెక్కకట్టాలి. అందుకు మనిషితో మాట్లాడాలి. అక్కడే వచ్చింది చిక్కు. బయట టోకెన్ నంబరు 42 లేచి నిలబడింది.

ఆగండాగండి. మాత్రను తిడుతున్నానని చప్పట్లు కొడుతున్న యూట్యూబ్ గురువులూ, మీ వంతూ ఉంది.

ఈ కొవ్వు మాత్ర మోసం కాదు. 1970లలో జపాన్‌లో అకిర ఎండో అనే శాస్త్రవేత్త ఆరు వేల దాకా బూజు రకాలు జల్లెడపట్టి, చివరికి బియ్యం మీద పట్టిన బూజులో పట్టుకున్నాడు దీని మూలాన్ని. 1987లో ఈ జాతి మందు మొదటిది అమెరికా మార్కెట్లోకి వచ్చింది. 1994లో అచ్చయిన అధ్యయనంలో ఉత్తర ఐరోపాలోని 4,444 మంది గుండె రోగుల మీద పరీక్షిస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. మీ వెల్లుల్లి కషాయం ఎన్ని తగ్గించింది స్వామీ? ఒళ్లునొప్పులన్నీ దీనివల్లే అంటారు. ఏవో బాధలొచ్చి మందు మానేసిన 60 మందికి లండన్ పరిశోధకులు కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. అసలు మాత్రతో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి! 2020 నాటి సంగతి ఇది. గుండెపోటు వచ్చినవాడి చేత మాత్ర మాన్పించి లైకులు ఏరుకుంటున్న మీకూ, తలెత్తకుండా చీటీ రాసే ఆయనకూ తేడా ఏముంది? ఆయనా మనిషిని చూడలేదు, మీరూ చూడలేదు.

ఇంతకీ ఈ మాత్ర అందాల్సిన వాడెవడు? రండి, తణుకు వైపు వెళదాం.

మాకు తెలిసిన కౌలు రైతు. 56 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెపోటు. సర్కారు ఆరోగ్య కార్డు మీద స్టెంట్ వేశారు. పైసా తీసుకోలేదు. మెచ్చుకోవాల్సిందే. ఫాలో అప్ పేరుతో కొన్నాళ్లు మందులూ ఇచ్చారు. ఆ తర్వాత? "నొప్పి తగ్గిపోయింది కదండీ. ఇంక మందెందుకండీ?" అంటాడు. పంట కాలువకు పూడిక తీయించకపోతే చివరి చేనుకు నీరందదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గుండె కాలువలోనూ ఒక్కచోటే పూడిక తీశారని, మిగతా చోట్ల పడకుండా చూసేది ఆ మాత్రేనని చెప్పడానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది.

ఇది ఒక్కడి కథ కాదు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో గోదావరి జిల్లాల 45 పల్లెల మరణాలు లెక్కేస్తే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. జ్వరాలూ, అంటురోగాలూ ఎక్కడో వెనకున్నాయి. 2011లో లాన్సెట్‌లో వచ్చిన 'ప్యూర్' అధ్యయనం చూడండి. గుండెజబ్బో, పక్షవాతమో వచ్చినవాళ్లలో ఈ మాత్ర వేసుకుంటున్నది సంపన్న దేశాల్లో 66.5 శాతం. మన దేశాన్ని చేర్చిన పేద దేశాల గుంపులో 3.3 శాతం. నూటికి ముగ్గురు! మిగతా మాత్రలన్నీ ఎక్కడికి పోతున్నాయి? మా పిన్ని కూతురి సొరుగులోకి.

ప్రభుత్వం ఊరుకుందా? లేదు. బాగా కష్టపడింది. ఆ కార్డు పథకం 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ. తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ. తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. బోర్డులు రాసే పెయింటర్ల ఆరోగ్యమైతే భేషుగ్గా ఉంది. 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకే తొమ్మిది సరుకులు ఇచ్చిన సర్కారు, ఆ సంచీలో పామాయిల్ ప్యాకెట్టూ వేసింది. అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే. ఒక చేత్తో నూనె, ఇంకో చేత్తో స్టెంట్. మధ్యలో రోజూ ఇవ్వాల్సిన చిన్న మాత్ర దగ్గరికొచ్చేసరికి రెండు చేతులూ ఖాళీ లేవు!

ఇక చీటీ మీద పేరు. కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు అసలు పేరు రాయాలన్న నిబంధన ఏనాటి నుంచో ఉంది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ దాన్ని గట్టిగా బిగించింది. నెల తిరక్కముందే పక్కన పెట్టేసింది. ఇంత చురుగ్గా ఏ మందైనా పనిచేసిందా? కంపెనీల కానుకలు డాక్టర్లు తీసుకోకూడదని 2009లోనే నిషేధించారు. ఆ కానుకల ఖర్చుకు పన్ను మినహాయింపు కావాలని ఒక కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2022లో లేదనిపించుకుంది. నిషేధం ఎంత ఘనంగా అమలైందో ఇంకా చెప్పాలా? ఇచ్చిందీ కాక, రాయితీ కూడా కావాలట. దీన్ని మన ఊళ్లో కొవ్వనే అంటారు. దీనికి మాత్ర ఇంకా కనిపెట్టలేదు.

రోజూ అరగంట నడవమని, ఉప్పూ నూనే తగ్గించమని, బీడీ మానమని చెప్పొచ్చు. కానీ నడక రాసే డాక్టరు గారిని ఏ కంపెనీ కాన్ఫరెన్సుకు తీసుకెళ్తుంది? ఏ రెప్ శాంపిల్ ఇస్తాడు?

కంపెనీ పేరుతో రాస్తే పోయేదేముంది అంటారా? తణుకు రైతునే అడగండి. ఆయన చీటీ ఎప్పుడో వానకు తడిసి చిరిగింది. ఆయనకు తెలిసిన పేరు కంపెనీ పేరొక్కటే. అదీ సగమే. ఆ కంపెనీ సరుకు ఆ ఆసుపత్రి మెట్ల కింది షాపులో తప్ప ఎక్కడా దొరకదు. ఊరి మందుల షాపులో "ఇది మాకు రాదు" అన్నారు. సర్కారు దవాఖానాలో "స్టాక్ లేదు" అన్నారు. అదే మందు వేరే పేరుతో, చవగ్గా, ఆ పక్క అరలోనే ఉండి ఉండొచ్చు. ఆ మాట చెప్పే నాథుడేడీ?

మొన్న కలిసినప్పుడు చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఖాళీ రేకు తీసి చూపించాడు. పది గుంటలూ ఖాళీ. పారెయ్యకుండా ఎందుకు దాచావయ్యా అంటే మళ్లీ జాగ్రత్తగా మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పేరు నోరు తిరగదండీ. ఎవరైనా డాక్టరు గారు తలెత్తి చూస్తే, చూపిద్దామనండీ."