ఆకాశం కనపడని చోటు ఎంచుకోవడం ఎలా?

శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజున గూడూరు మేడలెక్కిన వాళ్లకు దూరాన పొగ చార కనిపిస్తుంది. 2023 మే 29న అలా లేచిందే ఎన్‌వీఎస్‌-01. జీపీఎస్‌లా చోటు చెప్పడానికి మన దేశం సొంతంగా కట్టుకున్న నావిక్ వ్యవస్థలో రెండో తరం ఉపగ్రహాలకు అదే మొదటిది. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 129.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర దానికి చోటిచ్చారు. అంత దూరం నుంచి వచ్చిన సంకేతాన్ని తూపిలిపాలెం ఒడ్డున ఓ ఫైబర్ బోటు మీద, చివరి రెండడుగుల్లో ఆపేయడం ఎలా? ఈ విద్య తీరంలో కొందరికి గురువు లేకుండానే పట్టుబడింది. కొత్తగా బోటు కట్టించుకుంటున్న యజమాని కూడా వెనకబడిపోకూడదు గనుక ఆ పద్ధతులేవో చెప్పుకోవడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం, జీపీఎస్ యాంటెన్నా గురించి చిట్టచివర ఆలోచించడం. ముందు ఇంజను, ఐస్ పెట్టె, వలలు, కేబిన్, రంగులు, బోటు పేరు, పార్టీ జెండా. ఆపైన దిష్టికి నిమ్మకాయల దండ. గూడూరు చుట్టుపక్కల నిమ్మకాయలకు కరువా? ఇవన్నీ కుదిరాక ఏ మూల ఖాళీగా మిగిలితే ఆ మూల యాంటెన్నాది. కాస్త బాగా కనిపించే చోటు మిగిలితే అక్కడ దేవుడి పటం పెట్టి, యాంటెన్నాను ఇంకాస్త లోపలికి జరపవచ్చు.

విమానాలను ఇంట్లోనే కట్టుకునే అమెరికా వాళ్లకు దాచడంలో మనకన్నా పెద్ద అనుభవం ఉంది. బర్ట్ రుటాన్ 1970ల్లో డిజైన్ చేసిన వేరీ-ఈజీ, లాంగ్-ఈజీ విమానాలను నురుగు దిమ్మల మీద గ్లాస్ ఫైబర్ అతికించి కారు షెడ్డులోనే తయారుచేసుకోవచ్చు. యాంటెన్నా బయటికి పొడుచుకొస్తే గాలికి అడ్డుపడి వేగం తగ్గుతుంది. అందుకని రాగి టేపు ముక్కల్ని ఫైబర్ పొరల కిందే అతికించి, వాటినే యాంటెన్నాలుగా వాడారు. గ్లాస్ ఫైబర్ రేడియో తరంగాలను పెద్దగా ఆపదు కాబట్టి ఆ దాపరికం చెల్లింది. తర్వాత కార్బన్ ఫైబర్ వచ్చింది. చూపుకు అదీ ఫైబరే, కానీ దానిలో కరెంటు పారుతుంది. లోహపు రేకు ఎలా తరంగాలను ఆపుతుందో అదీ అలాగే ఆపుతుంది. కాబట్టి విమానంలో యాంటెన్నా దాచాలంటే ముందు ఆ భాగం దేనితో చేశారో చూసుకోవాలి.

మన బోటుకు గాలి బాధ లేదు, దొంగల బాధ ఉంది. కాబట్టి యాంటెన్నాను కేబిన్ లోపల, రేకు పైకప్పు కింద, డ్రైవరు తలకు ఆనుకునేలా బిగించడం శ్రేయస్కరం. జీపీఎస్ సంకేతం మన దగ్గరికి చేరేసరికి దాని శక్తి ఒక వాట్‌లో కోటి కోట్ల వంతు, అందులో మళ్లీ వందో వంతు. ఇంత బక్క ప్రాణానికి ఇనుప రేకు అడ్డం పెడితే ఇక చేయాల్సింది ఏమీ ఉండదు. పైకప్పు కూడా ఫైబరే అయితే మాత్రం కొంచెం శ్రమ తప్పదు. దాని మీద టార్పాలిన్ పట్ట కప్పాలి, పట్ట మీద తడి వలలు ఆరేయాలి. పొడి వల, పొడి చెక్క అంతగా అడ్డుపడవు, ఉప్పునీళ్లు కారుతున్నవైతే అడ్డుపడతాయి. యాంటెన్నా టోపీ మాసిపోయిందని మిగిలిన వెండి రంగు పూసే ఉత్సాహవంతులూ ఉండొచ్చు. ఆ రంగులో ఉండేది అల్యూమినియం పొడి. రేకు కొనే ఖర్చు తప్పింది.

బయటే బిగించి తీరాలని డ్రైవరు పట్టుబడితే కేబిన్ గోడ పక్కన, ఒక వైపే ఆకాశం కనిపించేలా పెట్టాలి. మన తీరం నుంచి చూస్తే ఎన్‌వీఎస్‌-01 ఉండే దిక్కు ఇంచుమించు తూర్పు, సముద్రం మీద 30 డిగ్రీల ఎత్తుకు కాస్త పైన. జీపీఎస్ ఉపగ్రహాలు అన్ని దిక్కుల్లోనూ తిరుగుతుంటాయి. చోటు తేలాలంటే రిసీవరుకు కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి, అవీ ఒకే మూల గుంపుకట్టకుండా విడివిడిగా ఉండాలి. గోడ పక్క యాంటెన్నాతో బోటు సముద్రంలోకి వెళ్తున్నప్పుడు ఒక లెక్క వస్తుంది, ఒడ్డుకు తిరిగినప్పుడు ఇంకో లెక్క వస్తుంది. కలాసీలకు కాలక్షేపం.

ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు పోయి, పొడవాటి స్టీలు పైపు తెచ్చి దాని కొసన జీపీఎస్ కట్టిస్తారు. వైర్‌లెస్ సెట్టుకైతే ఎత్తు నిజంగా అవసరం. నాలుగు మీటర్ల ఎత్తులో ఉన్న వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా చూపు సముద్రం మీద ఎనిమిది కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది, తొమ్మిది మీటర్లకు పెంచితే పన్నెండుకు పోతుంది. జీపీఎస్ చూడాల్సింది పైకి. దానికి ఎత్తుతో పనిలేదు, నెత్తిన అడ్డం లేకపోతే సరి. అయిదు మీటర్ల పైపు కొస, బోటు పదిహేను డిగ్రీలు ఒరిగితే ఇటు మీటరు పైన, అటు మీటరు పైన ఊగుతుంది. లంగరు వేసి నిలిపిన బోటు కూడా ఎటో పోతున్నట్టు తెర మీద కనపడేది అందుకే.

అసలు పైపు ఒకటే పెట్టించి జీపీఎస్, వైర్‌లెస్, టీవీ యాంటెన్నా, ఎల్‌ఈడీ లైట్లు అన్నీ దానికే బిగిస్తే క్లాంపుల ఖర్చు కలిసొస్తుంది. పాతిక వాట్ల వైర్‌లెస్ అరుస్తుంటే పక్కనే ఉన్న జీపీఎస్‌కు ఏం వినపడుతుందన్నది తర్వాతి సంగతి. విమానాల వాళ్లు ఈ విషయంలో మరీ చాదస్తులు. జీపీఎస్ పెట్టాక పైలట్ రేడియోను 121.15, 131.25 మెగాహెర్ట్జ్ లాంటి ప్రత్యేక ఫ్రీక్వెన్సీల మీద నొక్కి చూడాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ చెబుతుంది. మొదటిదాన్ని 13తో, రెండోదాన్ని 12తో హెచ్చిస్తే వచ్చేవి జీపీఎస్ వాడే 1575.42కు పక్కనే పడతాయి. ఎల్‌ఈడీ దీపాల వల్ల వీహెచ్‌ఎఫ్ రేడియోకు అంతరాయం కలుగుతోందని 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ హెచ్చరిక కూడా జారీ చేసింది.

టీవీ యాంటెన్నా ఘనత వీటన్నిటినీ మించింది. 2001లో కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ అనే చేపల రేవులో జీపీఎస్ మొత్తానికే పని చేయడం మానేసింది. నేవీ వాళ్ల కళాశాల నిపుణులు పరికరాలు పట్టుకుని రేవంతా గాలిస్తే చివరికి దొరికిన దొంగలు పడవల మీది టీవీ యాంటెన్నాలు. సంకేతాన్ని పెంచడానికి వాటిలో పెట్టిన ఆంప్లిఫయరే తనంతట తాను జీపీఎస్ ఫ్రీక్వెన్సీలో కూత పెట్టింది. అంగట్లో దొరికే మామూలు సరుకుతో రేవు మొత్తాన్ని గుడ్డిదాన్ని చేయవచ్చని అప్పుడే తేలింది.

ఇక కేబుల్. పది మీటర్లది కొని, రెండు మీటర్లు వాడి, మిగతాది చుట్టచుట్టి ఇంజను పక్కన పడేయడం ఆనవాయితీ. జీపీఎస్ ఫ్రీక్వెన్సీ దగ్గర సన్న కేబుల్లో మూడు నాలుగు మీటర్లకే సంకేతం సగమవుతుంది. యాంటెన్నాలోనే ఆంప్లిఫయర్ ఉంటే అది కొంతవరకు ఆదుకుంటుంది. తెగిన చోట తీగలు మెలేసి ఇన్సులేషన్ టేపు చుడితే ఉప్పుగాలి మిగతా పని చూసుకుంటుంది. రాగి మీద పచ్చ చిలుము పట్టడానికి ఒక వేట కాలం చాలు.

కేబుల్‌ను కాళ్ల కింద పరవడం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే రాయల్ మెజెస్టీ కథ వినాలి. 1995 జూన్‌లో ఆ విహార నౌక 1,509 మందితో బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయల్దేరింది. దాని జీపీఎస్ యాంటెన్నాకు కొన్ని నెలల ముందే చోటు మార్చి, కేబుల్‌ను నడిచేవాళ్ల కాలికి తగిలేలా బయటే వదిలేశారు. రేవు దాటిన గంటలోపే అది కనెక్టరు దగ్గర ఊడింది. రిసీవరు తన ధర్మంగా చిన్నగా బీప్‌మంది, తెర మీద చిన్న అక్షరాల్లో డీఆర్ అని చూపించింది. ఉపగ్రహాలు దొరకడం లేదు, వేగమూ దిక్కూ చూసి అంచనా వేస్తున్నానని దాని అర్థం. ఎవరూ పట్టించుకోలేదు. ఆటోపైలట్ ఆ అంచనానే నిజమని నమ్మింది. గాలి, ప్రవాహం ఓడను పక్కకు నెడుతూనే ఉన్నాయి. దాదాపు 34 గంటల తర్వాత, జూన్ 10 రాత్రి, వెళ్లాల్సిన దారికి 17 మైళ్లు పక్కన, నాన్‌టకెట్ దీవి దగ్గరి ఇసుక దిబ్బ మీద ఓడ కూర్చుంది. ప్రాణాలు పోలేదు.

ఇసుక దిబ్బలు అమెరికాకే ప్రత్యేకం కావు. దుగరాజపట్నం ఎదుట సముద్రంలోనూ ఒకటుంది, ఇంగ్లీషు వాళ్ల పటాల్లో దాని పేరు ఆర్మగాన్ షోల్.

అప్పుడు పాత దిక్సూచి ఉందిగా అని ఎవరైనా ధైర్యం చెప్పవచ్చు. ఆ ధైర్యాన్నీ తీసేయాలంటే అడుగున అయస్కాంతం ఉండే కారు యాంటెన్నాను తెచ్చి దిక్సూచి పక్కనే పెట్టాలి. ఫైబర్ మీద అయస్కాంతం అతకదు, నైలాను తాడుతో కట్టుకోవాలి. దిక్సూచి ముల్లు మాత్రం దానికి ఇట్టే అతుక్కుపోతుంది.

ఇంత చేసినా అప్పుడప్పుడు సరిగ్గా చోటు చూపిస్తుంటే నిరాశ పడనక్కర్లేదు. మన అక్షాంశాల్లో, ముఖ్యంగా సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో పొద్దుగూకాక కొన్ని గంటలపాటు పై వాతావరణంలోని అయనోస్పియర్ చెదిరి జీపీఎస్ సంకేతాలు మినుకుమినుకుమంటాయి. ఆ చెదరడాన్ని తిరుపతి దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్‌తో గమనిస్తూనే ఉంది. బోటు యజమానికి ఇదో వరం. ఏడాది పొడవునా రేకు కింద ఉన్న యాంటెన్నా తప్పును ఆకాశం మీదికి తోసేయవచ్చు. ఆకాశానికీ తిప్పలున్నాయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంలో వెళ్లిన ఎన్‌వీఎస్‌-02లో ఆక్సిడైజర్ వాల్వులు తెరుచుకోక, అది చేరాల్సిన కక్ష్యకు చేరలేదు.

ఈ ఎగతాళిని ఇక్కడితో ఆపాలి, ఎందుకంటే బోట్ల మీదికి ఇప్పుడు ఇంకో పెట్టె వస్తోంది. దేశమంతటా లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించే 364 కోట్ల రూపాయల పథకాన్ని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. ఫోన్ సిగ్నల్ అందని నడిసముద్రం నుంచి కూడా ఉపగ్రహం మీదుగా రెండు వైపులా చిన్న సందేశాలు పంపుకోవడానికి, ఆపదలో కబురు చెప్పడానికి ఇస్రో తయారుచేసిన పరికరమది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేపలు దొరికే ప్రాంతాలను అక్షాంశ రేఖాంశాలతో చెప్పినా, తుఫాను కబురు పంపినా, వాటిని వాడుకోవాల్సింది ఆ పెట్టె, ఈ జీపీఎస్. పెట్టె ఉచితంగా రావచ్చు. ఆకాశం కనిపించే చోటు మాత్రం యజమానే ఇవ్వాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, బోటు మరమ్మతులన్నీ అప్పుడే జరుగుతాయి. ఆ 61 రోజుల్లో ఒక సాయంత్రం చాలు. యాంటెన్నాను బిగించకుండా చేత్తో పట్టుకుని కేబిన్ నెత్తిన, ముందు, వెనక మార్చి మార్చి పెడుతూ ఒక మనిషి తెర మీద ఉపగ్రహాల గీతలు చూడాలి. ఇంజను తిరుగుతుండగా, లైట్లు వెలుగుతుండగా, వైర్‌లెస్ మాట్లాడుతుండగా, వలలు ఎప్పుడూ ఉండే చోటే ఉండగా చూడాలి. వైర్‌లెస్‌కు కనీసం మీటరు ఎడం ఉంచి, గీతలు ఎక్కడ నిలకడగా ఉంటే అక్కడ గుర్తు పెట్టండి. డ్రిల్లు ఆ తర్వాతే చేతికి తీసుకోండి.