ఢిల్లీలో ఆగిన ఫైలు

గుంటూరు నల్లచెరువులో జాకెట్లు కుట్టే ఆవిడను వీధిలో అందరూ మిషనక్క అంటారు. తనకు సొంతిల్లు అమరిందంటే అది లోన్లు ఇప్పించే ఏజెంటు ‘లోన్ల తమ్ముడి’ చలవేనని ఆమె ఏడేళ్లుగా కనిపించిన వాళ్లందరికీ చెబుతూ వచ్చింది.

అతను చేసింది తక్కువేం కాదు. 2018లో ఆమె గోరంట్లలో రెండు గదుల ఫ్లాటు చూసుకుని బ్యాంకుకు వెళ్తే, కౌంటరు దగ్గరే శాలరీ స్లిప్పు అడిగారు. కుట్టుకూలి మీద బతికే మనిషికి జీతం కాగితం ఎక్కడిది? భర్తది ట్రాలీ ఆటో. ఇద్దరి సంపాదనా కలిపితే నెలకు ముప్ఫై వేలు అవుతుంది గానీ, అవుతుందని చెప్పే కాగితం ఒక్కటీ ఇంట్లో లేదు.

లోన్ల తమ్ముడు ఆ కాగితాలన్నీ సమకూర్చాడు. దొంగవి కాదు. ఆమె కుట్టుకూలి రాసుకునే నోటుబుక్కు ఆడిటరుకు చూపించి ఆదాయం లెక్క కట్టించాడు. ఆమెను మిషను ముందు కూర్చోబెట్టి ఫొటో తీయించాడు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను కాపీ తెప్పించి, లీగల్ ఒపీనియన్ దాకా తనే తిరిగాడు. చివరికి ఓ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ 9 లక్షలు ఇచ్చింది. 10 శాతం వడ్డీ, 20 ఏళ్లు, నెలకు 8,685 రూపాయల కిస్తీ. లోన్ తెచ్చినందుకు ఏజెంటుకు కంపెనీయే కమిషన్ ఇస్తుంది. అది అతని కష్టానికి దక్కిన కూలి, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అతనిలాంటి వాళ్లు తిరగకపోతే ఇలాంటి కుటుంబాల ఫైలు ఏ టేబులూ ఎక్కదు. ఈ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను.

సబ్సిడీ సంగతి వేరు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015 జూన్‌లో మొదలైంది. అందులో లోన్ వడ్డీకి సబ్సిడీ ఇచ్చే పథకం ఒకటి పెట్టారు. తక్కువ ఆదాయం వాళ్ల విభాగంలో ఏడాది ఆదాయం 6 లక్షలు దాటకూడదు. కుటుంబంలో ఎవరికీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. కొనే ఇల్లు ఆడమనిషి పేరున గానీ, ఆమె పేరు కూడా కలిపి గానీ ఉండాలి. ఈ చివరి షరతు విని మిషనక్క ఎంత మురిసిపోయిందో నాకు తెలుసు. రిజిస్ట్రేషన్ రోజు తన పేరున్న దస్తావేజు అందరి చేతుల్లోనూ పెట్టి చూపించింది.

లోన్‌లో మొదటి 6 లక్షల మీద 6.5 శాతం వడ్డీని 20 ఏళ్లకు లెక్కగట్టి, దాని నేటి విలువను ఒకేసారి ఇచ్చేవారు. ఎక్కువలో ఎక్కువ 2.67 లక్షలు. ఆ డబ్బు మన చేతికి రాదు. లోన్ ఇచ్చిన సంస్థే వివరాలు పంపుతుంది. కేంద్రం తరఫున నేషనల్ హౌసింగ్ బ్యాంకో హడ్కోనో ఆ సొమ్మును సంస్థకు పంపితే, సంస్థ దాన్ని లోన్ ఖాతాలో జమ చేసి అసలు తగ్గిస్తుంది. ఈ మొత్తం దారిలో ఏజెంటుకు కుర్చీ లేదు. అతను తోస్తే ఫైలు కదలదు, పట్టుకుంటే ఆగదు. కానీ ఈ సంగతి మిషనక్కకు చెప్పిన వాళ్లు లేరు. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇస్తారు, అంతే.

ఆ ఫారం నింపింది కూడా అతనే. ఆమె ఇంటి గడప మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని గంటసేపు రాశాడు. “మిషను చప్పుడులో నీకు ఫోను ఏం వినపడుతుందక్కా. ఆఫీసు ఫోన్లన్నీ నేను చూసుకుంటాలే” అన్నాడు. ఆమె టీ పెట్టి ఇచ్చింది.

తొమ్మిది నెలలకు, 2019 ఫిబ్రవరిలో ఓ సాయంత్రం అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“ఫైలు ఢిల్లీలో ఆగిందక్కా. అక్కడ మనవాడు ఒకడున్నాడు. నలభై వేలు ఇస్తే ఈ వారంలో కదులుతుంది. లేదంటే రెండు లక్షల అరవై ఏడు వేలూ పోయినట్టే.”

“నలభై వేలా తమ్ముడూ!”

“నాకొద్దక్కా ఒక్క రూపాయి కూడా. నీ మీద అభిమానంతో చెబుతున్నా.”

ఆ రాత్రి మొగుడూ పెళ్లాలు నిద్రపోలేదు. బీరువాలో ఉన్నది ఒక్కటే, నల్లపూసల గొలుసు. పెళ్లినాడు పుట్టింటివాళ్లు పెట్టింది. దాన్ని గోల్డ్ లోన్ ఆఫీసులో పెట్టి నలభై వేలు తెచ్చి, ఎనిమిది కట్టలుగా లెక్కపెట్టి అతని చేతిలో పోసింది.

అన్న మాట ప్రకారమే జరిగింది. మార్చి కిస్తీ ఆరు వేల చిల్లరకు దిగింది. నెలకు రెండు వేల ఆరువందలు మిగులు. మిషనక్క అతన్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టి, కొత్త బట్టలు పెట్టింది. ఇంటి లోను అని ఎవరు నోరెత్తినా అతని నంబరు తన చేత్తో చీటీ మీద రాసి ఇచ్చేది.

గొలుసు మాత్రం ఇంటికి రాలేదు. 2020లో కరోనా వచ్చి పెళ్లిళ్లు లేవు, జాకెట్లు లేవు, ట్రాలీ ఆటోకు కిరాయి లేదు. వడ్డీ పెరిగిపోయి మరుసటేడు వేలం నోటీసు వచ్చింది. అప్పుడు కూడా ఆమె అన్నది ఒకటే. “పోతే పోయిందమ్మా. దాని పుణ్యాన రెండున్నర లక్షలకు పైగా కలిసొచ్చింది.”

2022 మార్చితో ఆ పథకం ముగిసింది. 2024 సెప్టెంబరు నుంచి రెండో విడత అమలులోకి వచ్చింది. ఇప్పుడు మొదటి 8 లక్షల మీద 4 శాతం చొప్పున, గరిష్ఠంగా 1.80 లక్షలు ఇస్తారు. అది కూడా ఒకేసారి కాదు, ఏడాదికొకటి చొప్పున ఐదు వాయిదాల్లో. తెనాలిలో ఉండే చెల్లెలు ఇల్లు కొంటున్నానని చెప్పగానే మిషనక్క మొదట చేసిన పని లోన్ల తమ్ముణ్ని తెనాలి పంపడం.

మొన్నామధ్య కూతురి ఇంజినీరింగు ఫీజు కోసం ఆమె తన లోను తక్కువ వడ్డీ బ్యాంకుకు మార్చుకోవాలనుకుంది. ఆ బ్యాంకు పాత లోను స్టేట్‌మెంటు మొత్తం అడిగింది. ఇంగ్లీషు కాగితాలు కదా, తోడు రమ్మంటే వెళ్లాను. ఫైనాన్స్ కంపెనీ కౌంటరులో అమ్మాయి ప్రింటు తీసి ఇచ్చింది. నేను వరసగా చదువుతూ సబ్సిడీ జమ దగ్గరకు వచ్చాను. 2,67,280 రూపాయలు, 2019 ఫిబ్రవరి 6.

“ఆరో తారీకా? సరిగా చూడు. నేను గొలుసు పెట్టింది తొమ్మిదిన.”

వేలం నోటీసులో తాకట్టు తేదీ ఉంటుంది. ఆ కాగితం ఆమె ఎన్నిసార్లు తీసి చూసుకుందో.

కౌంటరులో అమ్మాయి స్క్రీన్ చూసింది. “ఆరో తారీకేనండీ. జమ అయిన వెంటనే మీకు మెసేజ్ కూడా వెళ్లింది.”

“నాకే మెసేజూ రాలేదమ్మా.”

“ఈ ఖాతాలో ఉన్న నంబరుకే వెళ్లిందండీ.” ఆ అమ్మాయి అంకెలు చదవడం మొదలుపెట్టింది. నాలుగు చదివిందో లేదో, మిగతా ఆరూ మిషనక్కే చెప్పేసింది. ఎంతమందికో రాసిచ్చిన నంబరు, కంఠతా వచ్చు.

అక్కడే నిలబడి చెల్లెలికి ఫోన్ చేసింది.

“ఫారంలో ఎవరి ఫోన్ నంబరు వేశారే?”

“తమ్ముడిదేనక్కా. ఐదేళ్లూ ఆఫీసు ఫోన్లన్నీ తనే చూసుకుంటానన్నాడు.”